బొగ్గుబావుల ఊరికి కట్టెల లెక్కతో

మా మామ నన్ను గోదావరిఖనికి పంపనన్నాడు. కోపంతో కాదు, అన్నం తింటూ నింపాదిగా అన్నాడు. డెబ్బైల మొదట్లో మాట ఇది. మా ఆయన ఓదెలుకు బొగ్గుబావిలో పని దొరికి అప్పటికి ఏడాదిన్నర. పెద్దపల్లికి మూడు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరికి నెలకోసారి వచ్చి, రెండు రోజులుండి వెళ్లేవాడు. వచ్చిన ప్రతిసారీ మా బిడ్డ తండ్రిని చూసి నా వెనక దాక్కునేది. దానికి రెండేళ్లు కూడా నిండలేదు. రెండో రోజు సాయంత్రానికి కాస్త చేరువై ఆయన వేలు పట్టుకునేది, సరిగ్గా అప్పుడే ఆయన బస్సుకు టైమయ్యేది. ఒకసారి దాని చేతిలోంచి వేలు విడిపించుకుని వెళ్తున్న మనిషిని చూశాక నాకు ఓపిక అయిపోయింది. మేము కూడా అక్కడికే వెళ్లి ఉంటామని మామ ముందు నోరు తెరిచాను.

కొత్త ఉద్యోగంతో ఖరీదైన ఊరికి మారబోతున్నవాళ్లు నెల ఖర్చు ఎలా రాసుకోవాలని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నాకు తెలిసింది ఒక్క రోజు ప్రయాణం. నేనూ మామా పొద్దున వెళ్లి పొద్దుగూకేలోపు తిరిగొచ్చాం. ఇద్దరికీ కలిపి రానూపోనూ బస్సుకు ఐదు రూపాయలు, దారిలో టీలు, అంతే ఖర్చు. ఊళ్లూ ధరలూ మారిపోయాయి గానీ, నేను చేసిన పొరపాటు మాత్రం ఇవాళ కూడా ఎవరైనా చెయ్యగలరు.

మామ పెట్టిన షరతు ఒక్కటే. ఓదెలు చేతికి నెలకు రెండువందల ఇరవై వచ్చేవి. అందులో నూట ఇరవై ఇంటికి పంపేవాడు. డెబ్బై మెస్సుకు పోయేవి, మిగతావి తన చేతి ఖర్చు. మేము వెళ్తే ఇంటికి అరవై చాలని మామ తనంతట తానే సగం తగ్గించాడు. కానీ ఆ అరవై ఏ నెలా ఆగొద్దు, ఎందుకంటే నేను వెళ్లాక నా బదులు పొలంలోకి కూలిమనిషిని పెట్టుకోవాలి. అంటే నూట అరవైలో ముగ్గురం బతకాలి. లెక్క కుదిరితే పంపుతానని, కుదరకపోతే వచ్చే ఏడు చూద్దామని తేల్చేశాడు. వచ్చే ఏడు అనే మాట మా ఇంట్లో ఎన్నేళ్లు పడుతుందో నాకు బాగా తెలుసు.

ఐదో తరగతి దాకా చదివిన దాన్ని కాబట్టి లెక్క నేనే రాశాను. అసలు మా ఇంట్లో నెల అన్నదే లేదు. వానకాలం పంట, యాసంగి పంట, ఆ రెండింటి మధ్యలో బతుకు. బియ్యం, పప్పు, మిరపకాయలు ఇంటివి. కట్టెలు చేను గట్టు మీదివి. అలాంటి దాన్ని ముప్పై రోజుల బతుకుకు ధర కట్టమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఓదెలు వచ్చినప్పుడల్లా అడిగి అడిగి పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. గది కిరాయి ఇరవై ఐదు, బియ్యానికి యాభై, పప్పు ఉప్పుల సామానుకు ముప్పై ఐదు. వంటచెరకుకు ముప్పై వేశాను. ఆ ముప్పై ఊరికే వెయ్యలేదు. షిఫ్టు వారం వారం మారుతుంది కాబట్టి ఒక వారం తెల్లవారుజామున, ఇంకో వారం మధ్యాహ్నం, మరో వారం రాత్రి డ్యూటీకి అన్నం కట్టాలి. బిడ్డకూ నాకూ వేరే పొద్దుల్లో తిండి. రోజుకు మూడుసార్లు పొయ్యి రాజేస్తే నెలకు పదిహేను మోపుల కట్టెలు, మోపు రెండు రూపాయలు. పాలు, దీపానికి కిరోసిన్, ఆయన టీ బీడీలు, నెలకోసారి ఊరికి వచ్చే చార్జీ కూడా కలిపితే మొత్తం నూట డెబ్బై ఒకటి అయ్యింది. పదకొండు రూపాయలు ఎక్కువ.

నేనేం చేశానంటే, నూనె తగ్గించి, పాలు సగం కోసి, ఎలాగో నూట అరవైకి తెచ్చి మామకు చదివి వినిపించాను. ఆయనకు అక్షరం రాదు గానీ ఇంట్లో నూనె ఎంత పోతుందో తెలుసు. "కాయితం మీద అందరూ బతుకుతరు బిడ్డా. పోయి చూసొద్దాం పా" అన్నాడు. ఆయన వెంట రావడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. పంపొద్దనుకునే మనిషికి సాకులు దొరకడానికి ఒక ఊరంత చోటు చూపించినట్టవుతుందని భయం. కాదనలేక సరే అన్నాను.

బిడ్డను అత్త దగ్గర వదిలి, కోడికూతకు బయల్దేరి నడిస్తే ఆరున్నరకు పెద్దపల్లి చేరాం. ఏడింటి బస్సులో గోదావరిఖనికి మనిషికి రూపాయి పావలా. మామ తువ్వాలలో ఏదో మూట కట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. అదేమిటని కండక్టర్ అడిగితే విప్పి చూపించాడు. గింజలు కొలిచే ఇత్తడి సోల. అక్కడ దుకాణాల్లో కిలోలంటారట, ఆ కిలో ఎంతో తన సోలతో కొలిచి చూసుకుంటాడట. కండక్టర్ నవ్వాపుకుని, దానికి టికెట్ వద్దులే కాకా అని ముందుకు వెళ్లాడు. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీలు అడ్డం వచ్చి బస్సు అరగంట ఆగిపోయింది. రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. కిటికీలోంచి ఆ చెట్లను చూస్తూ, ఈ దుమ్ములో పశువులు ఏం మేస్తాయని మామ తనలో తనే విసుక్కున్నాడు. రామగుండం దాటి గోదావరిఖని చేరేసరికి తొమ్మిది అవుతోంది.

ఆ వారం ఓదెలుది పొద్దటి షిఫ్టు. మధ్యాహ్నం మూడింటిదాకా పైకి రాడు. ఆలోపు మార్కెట్టూ గదులూ చూసుకోమని, ఆకలైతే తను తినే మెస్సుకు వెళ్లమని ముందే చెప్పి పంపాడు. ముందు మార్కెట్టుకే వెళ్లాం. మామ బియ్యం దుకాణం ముందు కూర్చుని కిలో తూకం వేయించి, దాన్ని తన సోలతో కొలిచి, మళ్లీ తూకం వేయించాడు. దుకాణదారు మంచివాడు కాబట్టి సరిపోయింది. తూకంలో మోసం లేదని తేలాక మామ కొంచెం నిరుత్సాహపడ్డాడని నాకనిపించింది. కానీ కూరగాయల దగ్గర ఆయనకు కావలసింది దొరికింది. కొత్తిమీర కట్టకు ఐదు పైసలు అడిగారు. కరివేపాకుకూ పైసలే. చింతపండు ధర విని రెండోసారి అడిగాడు, తప్పు విన్నాడేమోనని. ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపే నాకు కష్టంగా ఉండింది.

తర్వాత గదులు. కంపెనీ క్వార్టరు కొత్తగా చేరినవాళ్లకు ఇప్పట్లో రాదని మాకు తెలుసు కాబట్టి కిరాయికే చూశాం. పెంకుల కప్పు, ఒక్క గది, వెనక వంటకు పంచలాంటి చిన్న చాయబాన, గల్లీ చివర నల్లా. ఓదెలు చెప్పిన ఇరవై ఐదుకు అలాంటిది ఎక్కడా లేదు. అడిగిన నాలుగు చోట్లా ముప్పై. నా నూట డెబ్బై ఒకటి అక్కడికక్కడే నూట డెబ్బై ఆరు అయి కూర్చుంది. నేను వేసుకున్న దొంగలెక్క సంగతి సరేసరి. ఎక్కడైనా తగ్గుతుందేమోనని కట్టెలు అమ్మే చోటు వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ మోపు రెండు కాదు, రెండున్నర. నెలకు పదిహేను మోపులు తీసుకుంటాం, తగ్గించమని బేరమాడాను. కట్టెలమ్మే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడ కట్టెలు పెండ్లిళ్లకు, చావులకే కొంటరమ్మా. రోజు వంటకు కొనెటోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడు. ఆ మాటను నేను పట్టించుకోలేదు. పట్టణం మనిషి పల్లెటూరి దాన్ని ఎగతాళి చేస్తున్నాడని ఉడుక్కున్నానంతే. ఎండ నెత్తికెక్కింది. మామ తువ్వాల నెత్తిన వేసుకుని, ఇక పోదామా అన్నాడు. ఊరికి పోదామా అన్న అర్థం ఆ గొంతులో స్పష్టంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, అన్నం తినేసి పోదామని మాత్రం అన్నాను.

మెస్సు నడిపే ఆమె పేరు సువార్తమ్మ. అందరూ సువార్తక్క అంటారు. భర్త ఇరవై ఏళ్లుగా బావిలో పని చేస్తున్నాడు, వాళ్లది క్రైస్తవ కుటుంబం. ఇంటి పక్కన రెండు గదులు వేసి పనివాళ్లకు కిరాయికిచ్చి, వండి పెడుతుంది. మేమెవరమో చెప్పగానే కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఓదెలు ఉండే గది చూస్తారా అని తలుపు తోసింది. ఆరుగురు మనుషులకు మూడు మంచాలు. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు వచ్చి అదే మంచం మీద పడుకుంటారట. ఓదెలు మంచం మీద ఎవరో ముఖం గోడకు తిప్పుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. అతను కప్పుకున్నది నేను కుట్టిన బొంత. నా పాత చీరల రంగులు నాకు తెలియవా. మామ ఆ బొంతను చూశాడు, గుర్తుపట్టాడు కూడా. మా ఇంట్లో ఎడ్లకు సైతం దేని గుంజ దానికుంది. ఆయన తలుపు తనే మెల్లగా దగ్గరికి వేశాడు.

వాకిట్లో సువార్తక్క వంట చేస్తోంది. రేకు డబ్బాలకు లోపల మట్టి పూసి చేసిన రెండు పొయ్యిలు. వాటిలో మంట కనిపించడం లేదు, ఎర్రగా నిప్పు మాత్రం ఉంది. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో దాని మీద పప్పు. రెండింటిలోనూ నిప్పు పొద్దుటి నుంచి ఆరకుండా ఉందట. నేను అన్నం తింటూ, ఇంతమందికి వండాలంటే కట్టెలకు నెలకెంత అవుతుందక్కా అని అడిగాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే ఆగింది. "ఏంది చెల్లె, బొగ్గుబాయిల పనిచేసెటోని పెండ్లానివి, కట్టెలు కొంటవా?" అంది.

అప్పుడు చెప్పింది. బావిలో పనిచేసే ప్రతి మనిషికీ ఇంటి వాడకానికి బొగ్గు ఇస్తారట. ఓదెలుకూ వస్తుందట. ఒంటరి మనిషి కాబట్టి తన వంతు బొగ్గు ఆమె పొయ్యిలోకే ఇచ్చి, మెస్సు డబ్బుల్లో తగ్గింపు తీసుకుంటున్నాడట. నేను వస్తే ఆ బొగ్గు నాకే. తెచ్చిన పచ్చి బొగ్గును వాకిట్లో కుప్ప పోసి కాల్చాలి, నల్లటి పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పాలి. అలా కాల్చిన బొగ్గు పొయ్యిలో వేస్తే పొగ రాదు, ఒకసారి రాజేస్తే పూట పూటకీ మళ్లీ ముట్టించే పని లేదు. ఏ షిఫ్టుకైనా ఎప్పుడైనా అన్నం వేడిగా దొరుకుతుంది. ఖర్చల్లా బండి కిరాయి, రాజెయ్యడానికి నాలుగు పుల్లలు, కాసింత కిరోసిన్. నెలకు నాలుగు రూపాయలకు మించదంది. నేను ఎడమ చేత్తో కాగితం తీసి, తింటున్న అన్నం పక్కనపెట్టి, వేలితో నేల మీద లెక్క వేశాను. నూట డెబ్బై ఆరులోంచి కట్టెల ముప్పై తీసేస్తే నూట నలభై ఆరు. బొగ్గు ఖర్చు నాలుగు కలిపితే నూట యాభై. ఇంకా పది రూపాయలు మిగులుతున్నాయి. పాలు కొయ్యకుండా, నూనె తగ్గించకుండా.

రోజంతా బొగ్గు తవ్వి తొట్లకెత్తే మనిషి, ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఈ మాట ఇంట్లో చెప్పలేదు. ఆ మనిషి పెండ్లాం బొగ్గు ఊళ్లో కట్టెలు బేరమాడి వచ్చింది. నాకు నవ్వు, కోపం ఒకేసారి వచ్చాయి. సువార్తక్క అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. మామ మాత్రం నవ్వలేదు. లెక్క మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. కుదిరింది కదా మామా అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, "ఆన్ని చూసి చెప్త" అన్నాడు. లెక్క కుదిరితే పంపుతానన్న మనిషి, కుదిరాక కొడుకులో ఇంకేం చూడాలో నాకర్థం కాలేదు. మెస్సు నుంచి బావి దాకా పదిహేను నిమిషాల నడక, ఆ నడకంతా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు.

మూడింటికి సైరన్ మోగింది. మమ్మల్ని లోపలికి పోనివ్వరు, గేటు బయట నిలబడ్డాం. కాసేపటికి మనుషులు గుంపులుగా బయటికి రావడం మొదలైంది. నేను కూడా అదే మొదటిసారి చూడటం. ఊరికి వచ్చేటప్పుడు ఓదెలు తానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చేవాడు. ఇక్కడ అందరూ ఒక్కటే రంగు. నెత్తి మీద టోపీలు, కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. మామ ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తున్నాడు. చూసి, కాదనుకుని, తర్వాతి మనిషిని చూస్తున్నాడు. ఒకతను నేరుగా వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు. మామ అతని భుజం మీదుగా వెనక వస్తున్నవాళ్లను చూస్తూనే ఉన్నాడు.

"నాయినా" అన్నాడు ఓదెలు.

గొంతు విన్నాక గాని ఆయనకు తెలియలేదు. కొడుకు ముఖంలోకి చూసి, తువ్వాల తీసి చెంప తుడిచాడు. తువ్వాల నల్లబడింది గాని చెంప తెల్లబడలేదు. మళ్లీ తుడిచాడు. ఓదెలు సిగ్గుపడి, ఇంటికి పోయి కడుక్కుంటలే నాయినా అని వెనక్కి జరిగాడు. ఏ ఇంటికని మామ అడగలేదు. కాసేపు ఆ తువ్వాలను చేతిలో తిప్పి చూసి, నా వైపు తిరిగాడు.

"బిడ్డా, సబ్బుకెంత రాసినవ్?"

నేను సబ్బుకు ఏమీ రాయలేదు. రాయాలని తోచనే లేదు. మా ఊళ్లో బట్టలు చాకలి తీసుకెళ్లి ఉతికి తెస్తాడు, పంటకింతని గింజలు కొలుస్తాం. క్షవరానికీ అంతే. ఎవరికీ నెలకని పైస ఇచ్చింది లేదు. రాయలేదని చెప్పాను. మిగిలిన పదిలోంచి తీస్తానని కూడా అన్నాను.

"ఆ పది ముట్టకు. పిల్లకు జరమొస్తెనో ఏమైతెనో ఉండాలె. నాకు పంపే అరవైల అయిదు తగ్గించి, సబ్బులకు, ఆని క్షవరానికి రాసుకో."

అరవై ఏ నెలా ఆగొద్దన్న మనిషి ఆయనే. నాకు ఒక్క క్షణం ఆ మాటకు అర్థం తట్టలేదు, తట్టాక అక్కడే గేటు ముందు, అంతమంది మగవాళ్ల ఎదుట, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఓదెలుకు ఏం జరిగిందో తెలియదు. అయిదు రూపాయలకు ఎందుకేడుస్తున్నావని అడిగాడు పాపం. బొగ్గు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నేను ఎదురడిగితే, "అది లెక్కల్ల రాసేదని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. వండేవాళ్లకు తప్ప పొయ్యి లెక్క ఎవరికి మాత్రం తెలుస్తుంది. ముగ్గురం రోడ్డు మీద టీ తాగాం. ముప్పై కిరాయి గదికి మామ తన జేబులోంచి రెండు రూపాయలు బయానా ఇచ్చి, వచ్చే నెల మొదటి వారంలో వస్తామని ఖాయం చేశాడు. నాలుగు దాటాక బస్సెక్కి, పెద్దపల్లిలో దిగి, ఇంకా కాస్త వెలుతురుండగానే ఊరు చేరాం. దారిలో ఆయన ఒక్కసారే మాట్లాడాడు. మూడు బొంతలు కుట్టుకుని పొమ్మన్నాడు.

ఆ గదిలో మేము ఆరేళ్లున్నాం. తర్వాత క్వార్టరు వచ్చింది. ఏ నెల లెక్కా కాగితంలో రాసినట్టు జరగలేదు. వానల్లో ఎక్కువైంది, పండగలకు చెయ్యి జారింది, ఒక్కోసారి ఆ పది కూడా మిగల్లేదు. అయినా బిడ్డ తండ్రి వచ్చే వేళకు గల్లీ చివరికి పరుగెత్తేది. నల్లటి గుంపులో ఆయన్ను మొదట గుర్తుపట్టేది అదే, నాకంటే ముందే. దాని ముద్దు గౌను నల్లబడేది, నేను తిడుతూ సబ్బు రుద్దేదాన్ని. ఆ తిట్టుకునే రోజులు దొరికాయన్న తృప్తి నాకు ఇప్పటికీ పోలేదు. నేను రాసిన లెక్కలో నాకు తెలిసినవన్నీ ఉన్నాయి. లేనిది కనిపెట్టింది మాత్రం నన్ను ఆపాలనుకున్న మనిషి.

అందుకే మారే ముందు ఒక పగలంతా ఆ ఊళ్లో గడపండి, మీరు ఉండబోయేలాంటి ఇంట్లో ఒక పూట అన్నం తిని రండి. పోయేటప్పుడు వద్దంటున్న మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. మా మామకు ఆ రోజు రెండున్నర రూపాయలైంది, రానూపోనూ. నా జీవితం మొత్తంలో అంత చవకగా ఇంకేదీ రాలేదు.